రేనాటి నుడిలో ‘ఇంజనీరు’: పన్నెండో అంగం నుంచి పట్టా వరకు

ఉపోద్ఘాతం

ఒక సమాజం ఒక శాస్త్రాన్ని ఎలా గౌరవిస్తుందో తెలుసుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఆ శాస్త్రం గురించి రాసిన గ్రంథాలను పరిశీలించడం మొదటిది. ఆ శాస్త్రంతో పనిచేసే మనుషులను ఆ సమాజం ఏ పేర్లతో పిలుస్తుందో, వారి పనిని ఏ క్రియాపదాలతో చెబుతుందో గమనించడం రెండోది. ఈ వ్యాసం రెండో మార్గాన్ని అనుసరిస్తుంది. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల వాడుకభాషలో ఇంజనీరింగుకు సంబంధించిన పదాలు, పలుకుబడులు ఎలా వచ్చాయో, వాటి వెనుక ఉన్న సామాజిక దృష్టి ఏమిటో చర్చించడం దీని లక్ష్యం.

ఈ ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణముంది. తెలుగు భాషలో లభిస్తున్న తొలి శాసనాలు రేనాటి చోళులవి. ఆరో శతాబ్దికి చెందిన కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు ఈ నేలమీదే లభించాయి. అంటే తెలుగు రాతకు ఇక్కడ పద్నాలుగు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కలమళ్ల పేరు ఇవాళ శాసనంతోపాటు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని కూడా గుర్తుచేస్తుంది. పెన్నమీద మైలవరం, గండికోట జలాశయాలు, ప్రొద్దుటూరు చుట్టూ కేసీ కాలువ ఆయకట్టు, పులివెందుల వైపు లోతైన బోర్లు, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ – ఇన్ని రకాల ఇంజనీరింగు ఇంత తక్కువ దూరంలో కనిపించే ప్రాంతాలు అరుదు. పదాల చరిత్రకు ఇది అనువైన క్షేత్రం.

ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం ఇది: ఈ ప్రాంతపు వాడుకలో ‘ఇంజనీరు’ అనే మాట మొదట హోదాకు, తరువాత చదువుకు పేరయింది కాని, చేతిపనిలోని జ్ఞానానికి ఎప్పుడూ పేరు కాలేదు. ఆ జ్ఞానం వేరే పేర్లతో బతికింది. ఆ పేర్లు నిఘంటువుల అంచుల్లో, పాఠ్యపుస్తకాల బయట ఉండిపోయాయి.

శాసనంలో పన్నెండు అంగాలు

‘ఇంజనీరు’ అనే మాట రాకముందు ఆ పనిని ఎలా ఊహించేవారో చెప్పే గొప్ప ఆధారం ఈ జిల్లాలోనే ఉంది. అది ఈ మూడు పట్టణాలకు తూర్పున ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, మరో పేరు భవదూరుడు, ఉదయగిరి నుంచి పాలిస్తూ అనంతరాజసాగరం అనే ఈ చెరువును కట్టించాడు. రెండేళ్లపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్లు శాసనం చెబుతుంది.

సంస్కృతంలో ఉన్న ఈ శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, పరిహరించవలసిన ఆరు దోషాలను వరుసగా పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, పాథశ్శాస్త్రం అంటే జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి మట్టినేల, తియ్యని నీటిని తెచ్చే నది, కట్టకు ఆనుకొనే కొండలు, మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతైన గర్భం, నిడుపైన రాళ్లు దొరికే గని, సమతలమైన సారవంతమైన పొలాలు మొదలైనవి అంగాలు. చిట్టచివరి అంగం నిర్మాణవిద్యలో నేర్పరులైన పనివారి సమూహం. కట్టనుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడం – ఇవి దోషాలు.

ఈ జాబితాను రెండు విధాల చదవవచ్చు. రాజు మొదట, పండితుడు తరువాత, పనివాడు చివర ఉన్నారు కాబట్టి ఇందులో అంతరువుల క్రమం స్పష్టమే. పనివారి పేరు ఒక్కటీ శాసనంలోకి ఎక్కలేదు. అయితే అదే జాబితాలో మరో భావం కూడా ఉంది. పనివాడి నేర్పు కూడా ఒక అంగమే. అంగం అన్నాక అది లేకపోతే శరీరం వికలమవుతుంది. జలశాస్త్రం తెలిసిన పండితుడూ, కట్టకట్టే నేర్పరీ ఒకే లెక్కలో ఉన్నారు. రాజకీయ సరిహద్దును కూడా సాంకేతిక దోషంగా గుర్తించిన ఆ దృష్టి నేటి నదీజలాల వివాదాలు తెలిసినవారికి ఆశ్చర్యం కలిగించక మానదు.

చెరువు కట్టాక దాన్ని నిలబెట్టే ఏర్పాటు కూడా భాషలో కనిపిస్తుంది. దత్తమండలాల్లో చెరువుల నిర్మాణానికి, మరమ్మతులకు ప్రతిఫలంగా ఇచ్చిన దశబంధం ఇనాములు, ఊరి ఆయకట్టుకు నీరు పంచే నీరుగంటి వృత్తి అందుకు నిదర్శనాలు. కట్ట, తూము, మరవ, ఆయకట్టు అనే మాటలు అందరివీ. ‘చెరువు మరవ పోయింది’ అనే మాట చెరువు నిండి అదనపు నీరు పొర్లుతున్నదనే సాంకేతిక వార్త. అదే సమయంలో అది ఊరంతటికీ పండుగవార్త. కోస్తాలో కలుజు అనీ, తెలంగాణలో అలుగు అనీ పిలిచే నిర్మాణానికి సీమలో మరవ అన్న పేరు నిలిచింది. ఒక సాంకేతిక పదం ఊరి సంతోషానికి పేరు కాగలిగిందంటే ఆ సాంకేతికత ఊరికి పరాయిది కాదని అర్థం.

దండునుంచి కాలువగట్టుకు

ఈ ప్రాంతంలో నిర్మాణపనులకు సంబంధించి నేటికీ వినిపించే నాలుగు మాటలను ఇక్కడ పరిశీలించాలి. అవి బేల్దారి, మేస్త్రి, లస్కరు, ఇంజనీరు. నాలుగూ అన్యదేశ్యాలే.

కోస్తాలో ఇల్లు కట్టేవాణ్ణి తాపీ మేస్త్రి అంటారు. రాయలసీమలో బేల్దారి అంటారు. పారసీకంలో ‘బేల్’ అంటే పార. ‘దార్’ అంటే కలిగినవాడు, ధరించినవాడు. మొగలుల కాలపు సేనల్లో ముందు నడుస్తూ దారి చదును చేసేవారు, కందకాలు తవ్వేవారు బేల్దారులు. సీమ వాడుకలో ఆ మాట పారపనివాణ్ణి దాటి గోడకట్టే నేర్పరికి పేరయింది. ‘బేల్దారి పని’ అన్నప్పుడు అది వృత్తి పేరు కూడా అయింది. కోస్తా వాడుక తాపీని బట్టి, సీమ వాడుక పారను బట్టి పేరు పెట్టుకున్నాయి. రెండు చోట్లా పనిముట్టే మనిషికి గుర్తు.

మేస్త్రి పోర్చుగీసు ‘మెస్త్రె’ నుంచి వచ్చింది. గురువు, నిపుణుడు అని దాని మూలార్థం. తెలుగులో అది పనిలో చెయ్యి తిరిగినవాడికీ, పదిమందిచేత పని చేయించేవాడికీ చెల్లింది. కాలువలమీద గేట్లు ఎత్తి దించుతూ, గట్లు కాపాడే చిన్న ఉద్యోగి లస్కరు. దీని మూలం ‘లష్కర్’, అంటే సైన్యం. ఓడల్లో పనిచేసే నావికులకూ, దండువెంట నడిచే పనివారికీ పేరై, చివరికి నీటిపారుదల శాఖలో అట్టడుగు ఉద్యోగికి స్థిరపడింది.

ఇంజనీరు అన్న మాట మూలం లాటిన్ ‘ఇంజీనియం’. పుట్టుకతో వచ్చిన తెలివి అని అర్థం. మధ్యయుగ ఐరోపాలో కోటగోడలను పడగొట్టే యంత్రాలు చేసేవాడే ఇంజనీరు. సైన్యంతో సంబంధం లేని నిర్మాణాలు చేసేవారిని వేరుగా గుర్తించవలసి వచ్చి 18వ శతాబ్దిలో ‘సివిల్’ అనే విశేషణం చేర్చారు. ఆ పాత అర్థంలో ఇంజనీరు అనదగినవాడు ఈ ప్రాంతానికి 17వ శతాబ్దిలోనే వచ్చాడు. 1652లో గండికోటలో మీర్ జుమ్లాను కలుసుకున్న ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్న క్లోద్ మయ్యే అనే తన దేశస్థుణ్ణి గురించి రాశాడు.

దీన్నిబట్టి ఒక విషయం తేటపడుతుంది. ఇంజనీరు, బేల్దారి, లస్కరు అనే మూడు మాటలూ దండులో పుట్టి కాలువగట్టుకు చేరినవే. అయితే చేరాక వాటి దారులు వేరయ్యాయి. ఒకటి పై హోదాకు, ఒకటి చేతిపనికి, ఒకటి కింది ఉద్యోగానికి పేరయింది. మాటల మూలంలో లేని ఎక్కువ తక్కువలు వాడుకలో ఏర్పడ్డాయి. ఈ అన్యదేశ్యాల ప్రాముఖ్యాన్ని తొలుత గుర్తించినవారిలో సి.పి. బ్రౌన్ ఒకడు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన బ్రౌన్, తన ప్రధాన నిఘంటువుతో తృప్తిపడక, తెలుగులో వాడే మిశ్రభాషా పదాలకు 1854లో వేరే నిఘంటువును వెలువరించాడు. కచేరీల్లో, బజారుల్లో చెలామణి అయ్యే మాటలను భాషకు మచ్చగా కాక భాషలో భాగంగా చూసిన దృష్టి అది.

ఈ నాలుగు మాటల పక్కన మరో లోటును కూడా గమనించాలి. ఇవన్నీ పురుషులకు చెల్లే పేర్లే. కట్టడాల దగ్గర తట్టలెత్తి, రాళ్లు మోసి, సున్నం కలిపిన స్త్రీకి వాడుకలో మిగిలిన పేరు కూలి మాత్రమే. ఆమె పనిలోని నేర్పుకు భాష పేరు పెట్టలేదు. పన్నెండో అంగంలోనూ ఆమె కనిపించని భాగమే.

కంపెనీ కాలువ, రైతు లెక్క

ఈ ప్రాంతానికి ఆధునిక అర్థంలో ఇంజనీరు వచ్చింది కర్నూలు-కడప కాలువతో. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనల ప్రేరణతో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పనులు ప్రారంభించింది. తుంగభద్ర నీటిని సుంకేసుల దగ్గర మళ్లించి, సుమారు 190 మైళ్ల దూరం కడప దాకా తెచ్చిన ఈ కాలువ 1871 నాటికి పూర్తయింది. ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నను దాటుతుంది. సాగుతోపాటు పడవల రవాణా కూడా దీని ఉద్దేశం. కంపెనీ మూలధనంలో పది లక్షల పౌన్లమీద ప్రభుత్వం 5 శాతం వడ్డీకి హామీ ఇచ్చింది. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొన్నది.

ఎందుకు లాభం రాలేదన్న ప్రశ్న మన అంశానికి ముఖ్యం. కాలువ పారిన నేలలో అధికభాగం నల్లరేగడి. జొన్న, కొర్ర, పత్తి పండే ఆ నేల వానతేమను చాలాకాలం పట్టి ఉంచుతుంది. మామూలు సంవత్సరాల్లో డబ్బు కట్టి నీరు తీసుకోవడానికి రైతులు ఉత్సాహం చూపలేదు. 1876-78 నాటి మహాక్షామంలో మాత్రం నీటికోసం ఎగబడ్డారు. నీరు ఇస్తే రైతు తీసుకుంటాడన్నది కంపెనీ లెక్క. ఏ నేలకు ఎప్పుడు ఎంత నీరు కావాలన్నది రైతు లెక్క. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడాన్ని, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడాన్ని దోషాలుగా చెప్పిన శాసనకారుడికి ఈ రెండు లెక్కల తేడా అర్థమై ఉండేది. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు భారతదేశపు నీటిపారుదల పనులమీద జరిగిన విచారణలో కాటన్ వాదనలు నమోదయ్యాయి. నల్లరేగడి రైతు వాదన రైతు మాటల్లో ఎక్కడా నమోదు కాలేదు.

అక్కడినుంచి ఇంజనీరు అనే మాట వాడుకలో మనిషికన్నా పదవినే ఎక్కువగా సూచించింది. గిండీలోని సర్వే పాఠశాల 1859 నాటికి ఇంజనీరింగు కళాశాలగా మారింది. మరామత్తు శాఖలో ఓవర్సీయరు, సూపర్వైజరు, అసిస్టెంటు ఇంజనీరు అనే అంతరువులు స్థిరపడ్డాయి. నేటి వాడుకలో అవి ఏఈ, డీఈ, ఈఈ, ఎస్ఈ అనే పొడి అక్షరాలుగా మిగిలాయి. ‘డీఈ సారు వచ్చినాడు’ అన్న వాక్యంలో ఆయన ఏమి కట్టగలడన్న సూచన లేదు. ఆయన సంతకం ఎంతవరకు చెల్లుతుందన్న సూచన ఉంది. హిందీలోని ‘అభియంత’ వంటి సంస్కృతపదం తెలుగు వాడుకలో పాదుకోలేదు. అధికారభాషలోని ‘కార్యనిర్వాహక ఇంజనీరు’ బల్లమీది పలకను దాటి నోటికి రాలేదు. పదవిని అరువు తెచ్చుకున్న సమాజం దాని పేరును కూడా అరువుగానే ఉంచుకున్నది.

పేర్లు, పొడి అక్షరాలు, కొలతలు

కేతు విశ్వనాథరెడ్డి తన పరిశోధన గ్రంథం ‘కడప ఊర్ల పేర్లు’ (1976) ద్వారా ఈ జిల్లా స్థలనామాల్లో దాగిన చరిత్రను వెలికితీశారు. ఆ మార్గంలో జలనిర్మాణాల పేర్లను పరిశీలిస్తే ఒక మార్పు కనిపిస్తుంది. పాత చెరువుకు అనంతరాజసాగరం అని పేరు. జమ్మలమడుగు పేరులోనే మడుగు ఉంది. కొత్త నిర్మాణాలకు పొడి అక్షరాలే పేర్లు. కేసీ, హెచ్చెల్సీ, పీబీసీ, సీబీఆర్, జీఎన్ఎస్ఎస్ – వీటిలో ప్రతిదీ రైతు నోట తెలుగు నామవాచకంగానే విభక్తులు చేర్చుకొని నడుస్తుంది. ‘కేసీకి నీళ్లొదిలినారు’, ‘పీబీసీ కింద చీనీతోట ఉంది’ అనే వాక్యాల్లో ఆ అక్షరాల ఆంగ్ల విస్తరణ ఏమిటో చెప్పేవాడికీ వినేవాడికీ అక్కరలేదు. దీన్ని భాషాక్షీణతగా కొట్టివేయడం తేలిక. కాని ఇది పరాయి పేరును సొంతం చేసుకొనే ప్రజల నేర్పు కూడా.

రాళ్ల పేర్లలో దీనికి ఎదురుదిశ ప్రయాణం కనిపిస్తుంది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలావరుసలపై భూవిజ్ఞాన సర్వే నివేదికను ప్రచురించాడు. ఆ పరంపరలో పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్, వేంపల్లె శిలావరుస, నార్జీ సున్నపురాయి అనే పేర్లు ప్రపంచ భూవిజ్ఞాన సాహిత్యంలో స్థిరపడ్డాయి. ఊరి పేర్లు శాస్త్రంలోకి వెళ్లాయి. ఆ రాళ్లతో బతికినవారి పేర్లు మాత్రం వెళ్లలేదు. నాపరాయి, ముగ్గురాయి, రాతినార అనే మాటలు రాయి గుణాన్నో వాడుకనో పట్టి చెప్పే వర్గీకరణలు. పొరలుగా చీలి పలకలయ్యేది నాపరాయి. ముగ్గుకు పనికివచ్చే తెల్లనిది ముగ్గురాయి, అంటే బెరైటీస్. నారలాగా విడిపోయేది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. పేరు వింటేనే లక్షణం తెలిసే ఈ పదాలు పారిభాషిక పదనిర్మాణానికి ఆదర్శాలు. 2019 డిసెంబరులో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన ఊరు సున్నపురాళ్లపల్లె. ఆ నేలలో ఏముందో ఊరిపేరే చెబుతున్నది.

కొలతలు ఇంకా స్పష్టమైన సాక్ష్యం. కపిల తోలిన కాలంలో నీటిని బానలతో లెక్కించారు. ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు, ఆపైన బోర్లు వచ్చాక కొలత అంగుళమైంది. ‘పాయింటు చూపించి బోరు వేసినాం, రెండించీల నీళ్లు పడినాయి’ అనే మాట పులివెందుల వైపు ఏ రైతు నోటనైనా వినవచ్చు. పాయింటు చూసేవాడు అరచేతిలో టెంకాయతోనో వేపపుల్లతోనో నడిచేవాడు కావచ్చు, పరికరంతో వచ్చిన భూగర్భ నిపుణుడు కావచ్చు. భాష ఇద్దరికీ ఒకే క్రియను వాడుతుంది, ఎందుకంటే బోరు ఎండితే అప్పు రైతుదే. వీరి విద్యల విలువ ఒకటి కాదు. అయినా వాడుకలో వీరిని ఒకచోట నిలిపింది రైతు ఎదుర్కొనే అనిశ్చితి.

మరోవైపు రాజకీయ చర్చల్లో కొలత టీఎంసీ, క్యూసెక్కు. మైలవరం సుమారు 10 టీఎంసీలు, గండికోట సుమారు 27 టీఎంసీలు అన్న అంకెలు టీకొట్ల దగ్గర కూడా వినిపిస్తాయి. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడిక రాయలసీమకు నదీజలాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఆనాటినుంచి నీటి ఇంజనీరింగు ఈ ప్రాంతంలో హక్కుల భాషగా మారింది. ఎం.వి. రమణారెడ్డి ‘రాయలసీమ కన్నీటి గాథ’ ఆ చరిత్రకు ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ముఖ్యమైన పుస్తకం. నికర జలాలు, మిగులు జలాలు అనే న్యాయ, సాంకేతిక పదాలు సామాన్యుల పదాలయ్యాయి. గాలేరు-నగరి పథకం కృష్ణ మిగులు జలాలపై ఆధారపడి రూపొందినది. ఇంట్లో మిగులు అంటే అందరూ తిన్నాక ఉన్నది. ఆ మాటను తన వాటాకు పేరుగా విన్న రైతుకు అందులోని అర్థం వివరించనక్కరలేదు. ఇంచి సొంత చేనిలో నీళ్లకు కొలత, టీఎంసీ సీమ వాటాకు కొలత. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే సీమలో ఇంజనీరింగుకూ జీవితానికీ ఉన్న దూరం.

పట్టా: ఎంసెట్ తరం పలుకుబడి

1980 ప్రాంతంలో కడపలో కె.ఎస్.ఆర్.ఎం. ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది. 1986 నుంచి ఎంసెట్ ప్రవేశపరీక్ష మొదలైంది. 2006లో పులివెందులలో జె.ఎన్.టి.యు. కళాశాల, 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వచ్చాయి. రెండు దశాబ్దాల్లో ఇంజనీరింగు ఈ ప్రాంతపు మధ్యతరగతి, పేద కుటుంబాల ప్రధాన ఆశ అయింది. ఇంజనీరు కాలువమీదికి వచ్చే అధికారి కాక ఇంట్లో చదివే అబ్బి, పాప అయ్యారు. ఇది తక్కువ మార్పు కాదు. బేల్దారి కొడుకు, మగ్గం నేసేవారి కూతురు కూడా ఆ పట్టాను అందుకోగలిగారు.

భాష ఈ మార్పును ఎలా నమోదు చేసిందో చూడాలి. బేల్దారి పని ‘నేర్చుకున్నాడు’ అంటారు. ఇంజనీరింగు ‘చదివినాడు’, ‘చేసినాడు’, చివరికి ‘అయిపోయింది’ అంటారు. ఇంజనీరింగు నేర్చుకున్నాడని ఎవరూ అనరు. ఆసక్తికరమైన విషయమేమంటే, పట్టా చేతికి వచ్చాక హైదరాబాదులోని అమీర్‌పేటకో బెంగళూరుకో పోయినవాడు ‘కోర్సు నేర్చుకుంటున్నాడు’ అంటారు. నేర్చుకోవడమనే క్రియ కళాశాలకు ముందు బేల్దారి దగ్గర, కళాశాల తరువాత శిక్షణ కేంద్రంలో కనిపిస్తుంది. నడుమనున్న నాలుగేళ్లకు అది వర్తించదు. ఇది ఎవరో విమర్శకుడు చేసిన తీర్పు కాదు, వాడుక తనకు తెలియకుండానే ఇచ్చిన తీర్పు.

విద్యార్థుల నుడిలోనూ ఇదే ధోరణి ఉంది. సబ్జెక్టు ‘పోతుంది’, బ్యాక్‌లాగు ‘పడుతుంది’, సప్లీ ‘రాస్తారు’. వ్యాకరణరీత్యా మొదటి రెండింటిలో విద్యార్థి కర్త కాడు. మోటారు కాలినట్లు, బోరు ఎండినట్లు సబ్జెక్టు పోతుంది. బాధ్యతను తప్పించుకొనే నేర్పుగా దీన్ని చూడవచ్చు. తనకు అర్థంకాని భాషలో, తన చేతికి అందని యంత్రాల గురించి చదవవలసి వచ్చినవాడి నిస్సహాయతగా కూడా చూడవచ్చు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ శాఖలను ‘కోర్’ అంటారు. అంటే నడిగర్భం. కాని కోరికలన్నీ ఆ గర్భం బయట ఉన్న సాఫ్ట్‌వేరు మీద. ‘మేనేజ్‌మెంట్ సీటు’, ‘రీయింబర్స్‌మెంట్ సీటు’ అనే మాటలు సీటు వచ్చిన తీరును బట్టి మనిషిని అంచనా కట్టే కొత్త అంతరువులు. పాత సమాజం పుట్టుకను బట్టి చేసిన పనిని కొత్త నుడి రుసుము చెల్లింపు పద్ధతిని బట్టి చేస్తున్నది.

‘ప్యాకేజి’: ఒక పదం, రెండు జీవితాలు

ఈ చర్చను ఒక పదంతో ముగింపుకు తేవచ్చు. గండికోట జలాశయంలో నీరు నిలిపే క్రమంలో పలు గ్రామాలు మునిగాయి. 2020లో మునిగిన తాళ్లప్రొద్దుటూరు వాటిలో పెద్దది. ఆ గ్రామాల్లో ‘ప్యాకేజి’ అంటే ముంపు పరిహారం. ‘ప్యాకేజి వచ్చిందా?’ అన్న ప్రశ్నకు అర్థం ఇల్లు, ఊరు విడిచినందుకు ఇస్తామన్నది చేతికి వచ్చిందా అని. అదే కాలంలో, అదే ప్రాంతంలో, కళాశాలలో చదివే యువకుడి నోట ‘ప్యాకేజి’ అంటే ఉద్యోగంలో ఏడాదికి వచ్చే జీతం. ‘ఎంత ప్యాకేజి?’ అన్నది ప్రాంగణ నియామకాల నాటి ప్రశ్న.

ఒకే మాట రెండు చోట్లా ఇంజనీరింగు ఫలితానికి పేరైంది. ఒకచోట ఇంజనీరింగు తీసుకున్నదానికి వెల, మరోచోట ఇచ్చేదానికి వెల. రెండు చోట్లా మనిషి తన నేలనుంచి కదలవలసిందే. ఒకరు పునరావాస కాలనీకి, మరొకరు నగరానికి. శాసనం చెప్పిన పన్నెండు అంగాల్లో నేల, నది, కొండ, పొలం, పనివాడు విడదీయరాని సముదాయం. ప్యాకేజి అనే మాటలో ఆ సముదాయం విడిపోయి, ఒక అంకెగా కుదించుకొని ఉంది.

అయితే గతాన్ని ఆదర్శీకరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పన్నెండో అంగం పేరు లేని అంగం. చాలా ఊళ్లలో నీరుగంటి దళితుడే, అతనికి నీరు పంచే బాధ్యత ఉంది కాని ఆ నీటితో పండే భూమి లేదు. వడ్డెర రాయి పగలగొట్టాడు, ఉప్పరి మట్టి మోశాడు, వారి విద్య కులానికి కట్టుబడి ఉంది. గండికోట నీరు చేరిన పొలాల రైతుకు ఆ జలాశయం మేలే. పట్టా చదువు అనేక కుటుంబాలకు కులవృత్తినుంచి విముక్తి మార్గమైంది. కాబట్టి పాత ఏకత్వాన్ని కోరడం కాదు మన పని. ఆ ఏకత్వంలో గుర్తింపు లేకుండా ఉండిపోయిన జ్ఞానానికి ఇప్పుడైనా గుర్తింపు ఇవ్వడం మన పని.

ముగింపు

పై పరిశీలనవల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, రేనాటి వాడుకలో ఇంజనీరు పదం హోదా, చదువు అనే రెండు దశలను దాటింది కాని చేతినేర్పు అనే అర్థాన్ని పొందలేదు. రెండోది, ఆ నేర్పు బేల్దారి, మేస్త్రి, లస్కరు, నీరుగంటి, బోరు మెకానిక్కు వంటి పేర్లలో విస్తరించి ఉంది. మూడోది, వాడుకలోని పలుకుబడులు భాషకు పట్టిన తుప్పు కావు. అవి ఇంజనీరింగుపై సమాజం చేసుకున్న వ్యాఖ్యానాలు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాలు వృత్తి పదాలను శాస్త్రీయంగా సేకరించే పద్ధతిని చూపాయి. ఆ పద్ధతిని బోరుబండికి, మోటారు రీవైండింగుకు, నాపరాయి గనులకు, కాలువ గేట్లకు, ఇంజనీరింగు కళాశాలల వసతిగృహాలకు విస్తరించవలసిన అవసరముంది. ఈ సేకరణ ఆలస్యం కారాదు. కపిల తోలినవారు, మరవకట్ట మీద రాత్రంతా కాపలా ఉన్నవారు నేడు ముదిమిలో ఉన్నారు. మునిగిన ఊళ్లవారు చెదరిపోయారు. వారితోపాటు ఆ ఊళ్ల బావులు, చేలు, వంకల పేర్లు కూడా చెదరిపోతున్నాయి.

తెలుగు శాఖలు, ఇంజనీరింగు కళాశాలలు ఈ జిల్లాలో పక్కపక్కనే ఉన్నాయి. భాషాపరిశోధకుడు పదాన్ని అడిగితే, ఇంజనీరింగు విద్యార్థి ఆ పదం వెనుక ఉన్న పనితీరును రాసుకోగలడు. ఆ విద్యార్థి తండ్రో తాతో ఆ పని చేసినవాడై ఉండటానికి అవకాశం ఎక్కువ. 1369లో రాతిమీద ఒక అంగంగా మాత్రమే చోటు దొరికిన పనివారి సమూహానికి వారి మాటలతో, వారి పేర్లతో కాగితంమీద చోటు కల్పించడం ఆ ఇద్దరూ కలిసి చేయగల పని.